క్రీడాగురువు రహీము

బందరునుండి విజయవాడ మీదుగా హైదరాబాదునకు పోవు రాజమార్గమున నందిగామ, జగ్గయ్యపేట అను రెండు పట్టణములు కలవు. కృష్ణా మండలపు మెట్టసీమకు ఇవి ముఖ్యస్థానములుగా ప్రసిద్ధి కెక్కినవి. 2022వ సంవత్సరమునుండి ఇవి ఎన్టీఆర్ జిల్లాలో చేరినవి. మునేరు, పాలేరు అను ఏరులు ఈ సీమను తడుపుచు కృష్ణలో కలియును. బడి విడిచిన పిమ్మట ఇచ్చటి పాఠశాలల ఆటస్థలములలో బాలురు బంతి ఆడుచుందురు. వారి ఆటను కొంతసేపు పరికించినచో ఒక విశేషము కానవచ్చును. బంతి చిక్కిన బాలుడు దానిని విడువడు. ప్రక్కనున్న చెలికాడు "ఇటు! ఇటు!" అని కేకలు వేయుచున్నను వినడు. తానొక్కడే నలుగురిని తప్పించుకొనిపోయి గోలు చేయవలెనని ఆశించును. ఐదవవాడు అడ్డుపడి బంతిని తన్నుకొనిపోవును.

ఇది ఒక్క ఊరి బాలుర గుణము కాదు. లోకమునందంతటను బాలుర స్వభావము ఇట్టిదే. ఈ స్వభావమును మార్చుటకు ఒక ఉపాధ్యాయుడు తన జీవితమును ధారపోసెను. పైన చెప్పిన మార్గమున పడమటికి పోయినచో చేరు హైదరాబాదు నగరమే ఆయన కార్యక్షేత్రము. ఆయన పేరు సయ్యదు అబ్దుల్ రహీము. శిష్యులందరు ఆయనను "రహీము సాబు" అని గౌరవముతో పిలుచుచుండిరి.

రహీము 1909వ సంవత్సరము ఆగస్టు 17వ తేదీన హైదరాబాదులో జన్మించెను. ఆ కాలమున ఆ నగరము నిజాము ప్రభువుల రాజధాని. 1948వ సంవత్సరము వరకు జగ్గయ్యపేటకు పడమట కొలది దూరమున నిజాము రాజ్యపు సరిహద్దు ఉండెను. ఆ సరిహద్దునకు ఆవల 1918వ సంవత్సరమున ఉస్మానియా విశ్వవిద్యాలయము స్థాపింపబడెను. రహీము అందు చదివి, ఆ విద్యాలయపు ఫుట్‌బాలు జట్టులో ఆడి పేరు తెచ్చుకొనెను. బి.ఏ. పట్టమును పొంది ఉపాధ్యాయవృత్తిలో ప్రవేశించెను. కాచిగూడలోను, చాదర్‌ఘాటులోను, దారుల్ ఉలూము ఉన్నత పాఠశాలలోను ఆయన పనిచేసెను. పిమ్మట వ్యాయామవిద్యయందును డిప్లొమా పొందెను. పగటివేళ తరగతిలో పాఠము, సాయంకాలము మైదానములో ఆట - ఇది ఆయన దినచర్య.

ఉపాధ్యాయుడగుటయే రహీము గొప్పదనమునకు మూలము. మంచి ఆటగాడు తన కాలిని తాను ఎరుగును. మంచి ఉపాధ్యాయుడు ఇతరుల లోపములను ఎరిగి, వానిని దిద్దు క్రమమును ఎరుగును. పలకమీద అక్షరము దిద్దించు ఓర్పుతోనే రహీము మైదానములో బంతి తన్నుట దిద్దించెను.

ఆయన ముఖ్యముగా రెండు లోపములను గుర్తించెను. మొదటిది, బంతిని ఒక్కడే అట్టిపెట్టుకొని కాళ్ల నడుమ త్రిప్పుచు పోవుట. చూపరులు దీనిని మెచ్చుకొని చప్పట్లు కొట్టుదురు. కాని ఆటగాడు ఒక్కడు ఎంత వేగముగ పరుగెత్తినను, తన్నిన బంతి అంతకంటె వేగముగ పోవును. కనుక బంతిని చెలికానికి అందించువాడే ఎదిరిని త్వరగా దాటగలడు. ఈ సంగతి ఎన్నిమారులు నోటితో చెప్పినను బాలుర తల కెక్కదు. అందుచేత రహీము హైదరాబాదులో ఒక వింతపోటీని ఏర్పాటు చేసెను. బంతిని త్రిప్పుచు పోవుట ఆ పోటీలో నిషిద్ధము. బంతి వచ్చిన వెంటనే మరియొకరికి పంపవలెను. అట్లు పంపవలెనన్నచో, బంతి రాకముందే చెలికాండ్రు ఎచ్చట నున్నారో చూచుకొనవలెను. తలవంచుకొని ఆడువాడు ఆ పోటీలో నిలువలేడు. ఒక్క నియమముచేత రహీము బాలురకు తలయెత్తి చూచుట నేర్పెను.

రెండవ లోపము, ఒక్క కాలితోనే ఆడుట. మనలో పెక్కుమందికి కుడికాలు బలమైనది. ఎడమకాలు నిలుచుటకే గాని తన్నుటకు పనికిరాదని తలచుదురు. ఎదిరిజట్టువాడు ఈ సంగతి గ్రహించినచో, కుడివైపున అడ్డు నిలిచి ఆటగాని నిలువరించును. ఇందులకు రహీము మరియొక పోటీని కల్పించెను. అందు ఆటగాండ్రు తమ బలహీనమైన కాలితోనే తన్నవలెను. మొదట వారు తడబడుదురు; బంతి ఒక దిక్కునకు తన్నిన మరియొక దిక్కునకు పోవును. కొన్నాళ్లకు ఆ కాలికిని బలము వచ్చును. తనకు రానిదానిని దాచుకొనక, దానినే పట్టుదలతో సాధించుట విద్యార్థులకు గణితమందు ఎంత మేలో, ఆటయందును అంత మేలు.

1940 తరువాతి సంవత్సరములలో రహీము హైదరాబాదు ఫుట్‌బాలు సంఘమునకు కార్యదర్శి ఆయెను. మరణించువరకు ఆ భారమును వహించెను. హైదరాబాదు నగర పోలీసు జట్టునకు ఆయనయే శిక్షకుడు. ఆనాడు మన దేశమున ఫుట్‌బాలు అనగానే కలకత్తా నగరమే జ్ఞప్తికి వచ్చుచుండెను. అట్టి సమయమున హైదరాబాదు పోలీసు జట్టు 1950వ సంవత్సరమున డ్యూరాండు కప్పును గెలుచుకొని దేశమును ఆశ్చర్యపరచెను. 1888వ సంవత్సరమున ఆరంభమైన ఆ పోటీ మన దేశములోని ఫుట్‌బాలు పోటీలలో మిక్కిలి ప్రాచీనమైనది. బొంబాయిలో జరుగుచుండిన రోవర్సు కప్పును ఈ జట్టు 1950 మొదలు 1954 వరకు వరుసగా ఐదు సంవత్సరములు గెలిచెను. 1956, 1957 సంవత్సరముల సంతోషు ట్రోఫీ పోటీలలో హైదరాబాదు రాష్ట్రపు జట్టు విజయము పొందెను. ఒక బడిపంతులు తీర్చిదిద్దిన జట్లు దేశములోని మేటి జట్లను ఓడించుచుండుట చూచి క్రీడాభిమానులు విస్మయము చెందిరి.

దేశపు జట్టునకు శిక్షణ నిచ్చు బాధ్యతయు ఆయనకు లభించెను. 1951వ సంవత్సరమున ఢిల్లీలో మొదటి ఆసియా క్రీడలు జరిగెను. ఇండొనీషియాను, అఫ్గనిస్థానమును ఓడించిన మన జట్టు తుదిపోటీలో ఇరానును ఒక గోలు తేడాతో జయించెను. మేవాలాలు అను ఆటగాడు ఆ గోలు చేసెను. శైలేను మన్నా ఆ జట్టునకు నాయకుడు. ఆసియాలో మనకు మొదటి స్థానము దక్కెను.

కాని విజయమువలన కలిగిన ఆనందము ఎంతో కాలము నిలువలేదు. మరుసటి సంవత్సరము ఫిన్లండు దేశపు హెల్సింకి నగరములో ఒలింపిక్ క్రీడలు జరిగెను. అచ్చట యుగోస్లావియా జట్టు మన జట్టుపై పది గోలులు చేసెను. మనవారు చేసినది ఒక్కటే. మన ఆటగాండ్రలో పెక్కుమంది బూట్లు లేక వట్టికాళ్లతో ఆడిరి. ఎండలు కాయు మన మైదానములలో అది చెల్లినది గాని, ఉత్తరదేశపు చలిలో, తడిసిన పచ్చికమీద చెల్లలేదు.

ఇంతటి ఓటమి కలిగినపుడు అదృష్టమును నిందించువారు కొందరు, తోడివారిని నిందించువారు కొందరు. రహీము ఓటమినే పాఠముగా గ్రహించెను. ఆ పోటీ పిమ్మట మన దేశములో ఆటగాండ్రు బూట్లు ధరించి ఆడవలెనను నియమము ఏర్పడెను. ఆట తీరునందును మార్పు అవసరమని రహీము గ్రహించెను. గోలురక్షకుడు గాక తక్కిన పదుగురిలో ఇద్దరు వెనుకను, ముగ్గురు నడుమను, ఐదుగురు ముందును నిలుచుట మన దేశములో అంతవరకు వాడుక. ముందువరుసలో ఐదుగురున్నచో దాడికి బలమే గాని, ఎదిరి దాడి చేసినపుడు వెనుకనున్న ఇద్దరు ఏమి చేయగలరు? యూరపు దేశములలో, విశేషించి హంగరీలో, పుట్టిన క్రొత్త పద్ధతులను రహీము శ్రద్ధతో పరిశీలించెను. నలుగురు వెనుక, ఇద్దరు నడుమ, నలుగురు ముందు నిలుచు పద్ధతివైపు తన శిష్యులను క్రమముగా నడపెను. 1958వ సంవత్సరమున ప్రపంచకప్పు గెలిచిన బ్రెజిలు జట్టు ఈ పద్ధతికి లోకప్రసిద్ధి తెచ్చెను. అంతకు ముందే రహీము దీనిని ఆచరణలో పెట్టెనని ఆటచరిత్ర వ్రాసినవారు చెప్పుదురు.

శిష్యులను ఎన్నుకొనుటయందును ఆయన దృష్టి సూక్ష్మమైనది. సికిందరాబాదు సమీపమున అమ్ముగూడ అను పల్లె కలదు. అచ్చటి బీదకుటుంబములో పుట్టిన తులసీదాసు బలరాము అను బాలుడు చక్కగా ఆడుచుండగా రహీము చూచెను. శిక్షణకై హైదరాబాదునకు రమ్మని చెప్పెను. ప్రతిదినము అంతదూరము వచ్చుటకు ఆ బాలునివద్ద డబ్బు లేదు. సంగతి తెలిసికొన్న రహీము అద్దెసైకిలు తీసికొని రమ్మని రూపాయి ఇచ్చుచుండెను. ఈ మాటను బలరాము తాను వృద్ధుడైన పిమ్మటకూడ కృతజ్ఞతతో చెప్పుకొనుచుండెను. ఆ సైకిలుమీద వచ్చిన బాలుడే రెండు ఒలింపిక్ క్రీడలలో దేశము పక్షమున ఆడెను. 1962వ సంవత్సరమునకు అర్జున పురస్కారమును పొందెను. 2023వ సంవత్సరము ఫిబ్రవరి 16వ తేదీన ఆయన మరణించెను.

1956వ సంవత్సరము నవంబరు 1వ తేదీన ఆంధ్రప్రదేశ్ రాష్ట్రము అవతరించెను. అంతకు ముందు వేరువేరు రాష్ట్రములకు చెందిన హైదరాబాదు నగరమును, కృష్ణా మండలమును ఒక్క రాష్ట్రములో చేరెను. సరిగా నెల గడచిన పిమ్మట, డిసెంబరు 1వ తేదీన, ఆస్ట్రేలియాలోని మెల్బోర్ను నగరమున రహీము శిష్యులు ఒలింపిక్ క్రీడారంగమున నిలిచిరి. సమరు బెనర్జీ వారికి నాయకుడు. బలరాము, నూర్ మహమ్మదు, అజీజు, సలాము, జుల్ఫికరుద్దీను మొదలగు హైదరాబాదు వీరులు ఆ జట్టులో నుండిరి. మొదట ఎదుర్కొనవలసిన హంగరీ జట్టు పోటీనుండి విరమించుకొనెను. పిమ్మట మనవారు ఆస్ట్రేలియాను, వారి సొంతగడ్డమీదనే, నాలుగు గోలులకు రెండు గోలులతో ఓడించిరి. నెవిలు డిసౌజా అను ఆటగాడు ఒక్కడే మూడు గోలులు చేసెను. ఒలింపిక్ ఫుట్‌బాలులో ఒకే ఆటలో మూడు గోలులు చేసిన మొదటి ఆసియావాసి అతడే. మన జట్టు సెమీఫైనలు చేరెను. ఆసియాఖండమునుండి ఆ మెట్టు ఎక్కిన మొదటి జట్టు అది.

సెమీఫైనలులో మనవారికి మరల యుగోస్లావియాయే ఎదురుపడెను. నాలుగు సంవత్సరములకు పూర్వము పది గోలులు చేసిన దేశము అది. ఈ మారు మొదటి గోలు చేసినది మనవారే. తుదకు యుగోస్లావియా నాలుగు గోలులు చేసి గెలిచినను, మన జట్టు ఎంత దూరము వచ్చెనో అందరికిని తెలిసెను. మూడవ స్థానమునకై జరిగిన ఆటలో బల్గేరియా మన జట్టును ఓడించెను. ఒలింపిక్ ఫుట్‌బాలులో మన దేశము పొందిన నాలుగవ స్థానము ఈనాటికిని మనకు అత్యున్నత స్థానముగనే ఉన్నది.

1960వ సంవత్సరమున రోము నగరపు ఒలింపిక్ క్రీడలలో మన జట్టు పతకము పొందలేదు. కాని ఫ్రాన్సుతో ఒకటికి ఒకటిగా సమముగ నిలిచెను. బలమైన హంగరీ చేతిలో ఒక్క గోలు తేడాతో మాత్రమే ఓడెను. రెండు సంవత్సరములకు జరుగు ఆసియా క్రీడలకై రహీము జట్టును సిద్ధపరచెను. ఇంతలో ఆయనను ఊపిరితిత్తుల క్యాన్సరు వ్యాధి పట్టుకొనెను.

1962వ సంవత్సరమున ఇండొనీషియా రాజధాని జకార్తాలో ఆ క్రీడలు జరిగెను. ఇజ్రాయిలు, తైవాను దేశముల క్రీడాకారులను ఇండొనీషియా ప్రభుత్వము రానీయకపోయెను. అది క్రీడాధర్మము కాదని భారతీయుడైన సోంధీ అను క్రీడాధికారి విమర్శించెను. అందువలన అచ్చటి జనులకు మనపై ఆగ్రహము కలిగెను. భారత రాయబార కార్యాలయముపై దాడియు జరిగెను. మన క్రీడాకారులు మైదానమున అడుగుపెట్టినచో ప్రేక్షకులు కేకలతో అవమానించుచుండిరి.

ఆటలోను ఆరంభము శుభముగా లేదు. మొదటి పోటీలో దక్షిణ కొరియా మనవారిని రెండు గోలులతో ఓడించెను. తరువాత థాయిలాండును, జపానును మన జట్టు జయించెను గాని, థాయిలాండుతో జరిగిన ఆటలో జర్నైలు సింగు తలకు గాయమై కుట్లు పడెను. జర్నైలు మన వెనుకవరుసకు కోటగోడ వంటివాడు. కుట్లు పడిన తలతో అతడు వెనుకవరుసలో నిలిచి, ఎగిరివచ్చు బంతులను మాటిమాటికి తలతో త్రోయుట కష్టము. అతనిని విడిచిపెట్టినచో జట్టునకు బలము తగ్గును. రహీము ఆలోచించి, అతనిని ముందువరుసలో నడుమ నిలిపెను. అతని వెడల్పైన దేహమును, ధైర్యమును ఎదిరి రక్షకులకు భయము గొల్పునని ఆయన తలంచెను. సెమీఫైనలులో మనవారు దక్షిణ వియత్నామును మూడు గోలులకు రెండు గోలులతో ఓడించి తుదిపోటీకి చేరిరి.

తుదిపోటీలో మరల దక్షిణ కొరియా. ఆ పోటీకి ముందు రహీము తన శిష్యులను పిలిచి, తనకు వారు ఒక కానుక ఈయవలెనని కోరెననియు, ఆ కానుక బంగారు పతకమే యనియు వారు తరువాత చెప్పిరి. తన వ్యాధిని గూర్చి ఆయన శిష్యులకు విన్నవించుకొనలేదు. కాని క్షీణించిన గురువు రూపమును వారు చూచుచునే ఉండిరి.

సెప్టెంబరు 4వ తేదీన సుమారు లక్షమంది ప్రేక్షకులు క్రీడాస్థలమును నింపిరి. వారి కేకలతో దిక్కులు మారుమ్రోగెను. ఆ జనసముద్రమున మనవారిని ప్రోత్సహించుచు ఒక చిన్న గుంపు కానవచ్చెను. వారు పాకిస్థాను హాకీ క్రీడాకారులని మన ఆటగాండ్రు పిమ్మట ఆనందముతో చెప్పుకొనిరి. జ్వరమునుండి అప్పుడే కోలుకొన్న హైదరాబాదు వాడగు పీటరు తంగరాజు గోలును కాచెను. నాయకుడు చునీ గోస్వామి. ఆట ఆరంభమైన పదునేడవ నిమిషమున ప్రదీపు కుమారు బెనర్జీ మొదటి గోలు చేసెను. మరి మూడు నిమిషములకు రెండవ గోలు పడెను. దానిని చేసినవాడు తలకు కుట్లు పడిన జర్నైలు సింగే. ఆట ముగియవచ్చిన వేళ కొరియా ఒక గోలు చేసినను, మనవారు చెదరక నిలిచి రెండు గోలులకు ఒకటిగా విజయము పొందిరి. గురువు కోరిన కానుకను శిష్యులు చెల్లించిరి.

రహీము ఆ తరువాత తొమ్మిది నెలలే జీవించెను. 1963వ సంవత్సరము జూను 11వ తేదీన, ఏబదిమూడేండ్ల ప్రాయమున, ఆయన పరమపదించెను.

ఆయన శిష్యులు కొందరు ఆ విద్యను కొనసాగించిరి. 1970వ సంవత్సరమున బాంకాకు ఆసియా క్రీడలలో మన జట్టు కాంస్యపతకము పొందెను. ఆ జట్టు శిక్షకులలో ప్రదీపు కుమారు బెనర్జీ ఒకడు. దాని నాయకుడు నయీముద్దీను హైదరాబాదు వాడు. రహీము కుమారుడు సయ్యదు షాహిదు హకీము రోము ఒలింపిక్ క్రీడలకు వెళ్లిన జట్టులో ఒకడు. పిమ్మట అంతర్జాతీయ పోటీలకు తీర్పరిగా పనిచేసి, 2021వ సంవత్సరమున మరణించెను. అయినను 1962 తరువాత ఆసియా క్రీడల ఫుట్‌బాలులో మన దేశమునకు బంగారు పతకము రాలేదు. 1960 తరువాత ఒలింపిక్ ఫుట్‌బాలు పోటీలలో ప్రవేశమే లభింపలేదు. మంచి శిక్షకులను గౌరవించు ద్రోణాచార్య పురస్కారము 1985వ సంవత్సరమున గాని ఏర్పడలేదు. రహీము జీవితమును గూర్చి "మైదాన్" అను హిందీ చలనచిత్రము 2024వ సంవత్సరమున వెలువడినపుడు, ఆయన పేరును మొదటిసారి విన్నవారు పెక్కుమంది.

దీనిలో విద్యార్థులు ఆలోచింపవలసిన సంగతి ఒకటి కలదు. గోలు చేసినవాని పేరు మరునాటి పత్రికలో వచ్చును. బంతిని అందించినవాని పేరు కొందరికి తెలియును. అందించుట నేర్పినవాని పేరు ఎవరికిని గుర్తుండదు. కాని నేర్పువాడు లేకున్న మొదటి రెండును లేవు. ఒక్క గురువు పోయినంతనే విద్య సన్నగిల్లినచో, ఆ లోపము గురువుది కాదు. ఆయన పద్ధతిని పాఠశాల పాఠశాలకు వ్యాపింపజేయని వారిది. రహీము ధనవంతుడు కాడు. అధికారము గలవాడును కాడు. ఆయన చేతిలో నున్నవి ఒక బంతి, ఒక మైదానము, ఓర్పు అను మూడే. ఏ ఊరి బడిలోనైనను ఇవి దొరకును. బంతిని తోడివానికి అందించుట, బలహీనమైన కాలిని బలపరచుకొనుట అను రెండు పాఠములను నేర్చినవారు మైదానములోనే గాక లోకవ్యవహారమందును తడబడరు.

ప్రశ్నలు

1. రహీము ఏర్పాటు చేసిన రెండు వింతపోటీలు ఏవి? వానివలన బాలురు ఏమి నేర్చిరి?
2. హెల్సింకిలో కలిగిన ఓటమినుండి నేర్చుకొన్న పాఠములను వివరింపుము.
3. జర్నైలు సింగును ముందువరుసలో నిలుపుటకు కారణమేమి?
4. మీ పాఠశాలలో జరుగు ఏదేని ఒక ఆటలో, ఇతరులకు సహాయము చేయుటవలన జట్టు గెలిచిన సందర్భమును పది వాక్యములలో వ్రాయుము.